అక్కకు ఉన్న పళ్ళు చెల్లెలికి లేవెందుకు?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో కూలి పనులు చేసిన మా అమ్మకు 60 ఏళ్ళు, నోట్లో ఏడెనిమిది పళ్ళు కూడా మిగలలేదు. విశాఖపట్నంలో టీచరుగా రిటైరైన మా పెద్దమ్మకు 65 దాటినా దాదాపు అన్నీ ఉన్నాయి. ఒక తల్లి బిడ్డలకు ఇంత తేడా ఏమిటి? ఇది వంశంలో ఉన్న జబ్బయితే నాకూ వస్తుందా?

జవాబు: వంశపారంపర్యాన్ని పూర్తిగా కొట్టివేయలేము గానీ, ఇక్కడ దాని పాత్ర తక్కువే అనిపిస్తోంది. పెద్దవారిలో పళ్ళు పోయేది ముఖ్యంగా పుచ్చు వల్ల, చిగుళ్ళ జబ్బు వల్ల. ఆ రెండూ ఎవరికైనా వస్తాయి. వచ్చాక పన్ను నిలుస్తుందా, పోతుందా అన్నది చదువు, ఆదాయం, ఉండే చోటును బట్టి మారిపోతుంది. నెల జీతం ఉన్నవారు సెలవు పెట్టి సిమెంటు పెట్టించుకుంటారు, అవసరమైతే రూట్ కెనాల్ చేయించుకుంటారు. రోజు కూలి మీద బతికేవారు బస్సు ఖర్చుతో పాటు ఆనాటి కూలి కూడా వదులుకోవాలి, పైగా రూట్ కెనాల్‌కు తరచుగా రెండు మూడుసార్లు తిరగాలి కనుక, లవంగం పెట్టుకుని నెలల తరబడి ఓర్చుకుని, చివరికి ఒక్క పూటలో తేలిపోతుందని పన్ను పీకించుకుంటారు. మీ అమ్మగారి పళ్ళలో చాలా వరకు అలాగే పోయి ఉంటాయని నా అనుమానం.

వయసు మాట కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 దాటినవారిలో సుమారు 23 శాతం మందికి ఒక్క పన్నూ లేదు. అయితే ముసలితనంలో పళ్ళు ఊడటం సహజమనుకోవడం సరికాదు, అది ఏళ్ళ తరబడి వైద్యం లేకుండా ముదిరిన జబ్బు ఫలితం. 80 ఏళ్ళకు 20 పళ్ళు నిలుపుకోవాలని జపాన్ 1989లో ప్రచారం మొదలుపెట్టింది; 2016 నాటి అక్కడి సర్వేలో ఆ వయసువారిలో సగానికి పైగా ఆ స్థాయికి చేరారు.

మీ ప్రాంతం కనుక మరొకటి అడగాలి: మీ అమ్మగారికి అడ్డపొగ అలవాటు ఉందా? చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే ఆ అలవాటు అంగిట్లో క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పొగాకు ఏ రూపంలో ఉన్నా చిగుళ్ళకు చేటే. ఉంటే ఆలస్యం చేయకుండా అంగిలిని డాక్టరుకు చూపించండి. షుగరు పరీక్ష కూడా చేయించండి, అదుపులో లేని షుగరు చిగుళ్ళను వేగంగా దెబ్బతీస్తుంది. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం వద్దు, మిగిలినవి నిలవాలంటే అది తీయించాల్సిందే. దంత వైద్య కళాశాలల ఆసుపత్రులలో రుసుము సాధారణంగా తక్కువగా ఉంటుంది. మీరూ అదే రోజు చూపించుకుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.