40 పౌండ్ల పెట్టె ఒక్కరే కొనాలా?

డాలస్‌లో మీ ఒక్క ల్యాబ్రడార్ కుక్కకి పచ్చి మాంసం పెట్టడానికి 40 పౌండ్ల చికెన్ పెట్టె మొత్తం తీసుకోవాలా అని అడిగారు కదండీ. అక్కర్లేదు. కలిసి కొనే గుంపులో ఆర్డర్లు చూసేవాళ్లకి ముందే చెప్పండి, సగం పంచుకునేవాళ్లు దొరుకుతారు.

అసలు తంటా ఇంటికొచ్చాకే! అంతా ఒకే ముద్దగా గడ్డకట్టి ఉంటుంది. గట్టు మీద వదిలేయకుండా ఫ్రిజ్‌లోనే ఒకట్రెండు రోజులు ఉంచి, విడిపోయేంత మెత్తబడగానే రోజువారీ పొట్లాలు కట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఫ్రిజ్‌లో కరిగినదే కాబట్టి ఫర్వాలేదు.

చవకని మెడలే తీసుకోకండి. ఎముక ఎక్కువైతే మలబద్ధకం. ఎముక పదో వంతు, కాలేయం 5 శాతం అనేది చాలామంది పాటించే లెక్క. ఫ్రీజర్‌లో పెడితే సాల్మొనెల్లా చావదు, ఇంట్లో పసిపిల్లలుంటే నేనైతే ఎముకలు తీసి వండే పెడతాను.

పిల్లి కూడా ఉందన్నారు, దానికి మాత్రం పచ్చి కోడి వద్దు. బర్డ్ ఫ్లూ సోకితే పిల్లులు బతకడం కష్టం.