మీ ప్రశ్న – మా జవాబు: మాస్కు ఎందుకు వంకర పోతోంది?

ప్రశ్న: పాత పేపర్లు అతికించి వేషాలకు పెట్టుకునే మాస్కులు చేస్తున్నాను. ఆరేసరికి ఒక పక్కకు వంగిపోతున్నాయి. వానాకాలంలో పురుగు కూడా పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఎండలో పెడుతున్నారు కదమ్మా? చిక్కంతా అక్కడే. మన ఎండలకు పైపొర ముందే బిగుసుకుపోతుంది, లోపలి తడి అలాగే ఉండిపోతుంది. నీడలో, గాలి ఆడేచోట, మట్టి అచ్చు మీదే ఆరనివ్వండి. నేను ఏడు పొరలు వేస్తాను, రెండు పొరలకొకసారి ఒక రోజు ఆగుతాను. పేపరును కత్తెరతో కోయొద్దు, చేత్తో చించండి. చింపిన అంచు పీచుపీచుగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది, గీత కనబడదు.

జిగురుకు మా జేజి చింతగింజల పిండి వాడేది, నాకూ అదే. పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపేవాళ్లున్నారు. అది విషం, ముఖానికి తగిలేదాంట్లో నేను కలపను. వేపాకు మరిగించిన నీళ్లతో పిండి ఉడికిస్తాను.

ఇక రంగులు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టే భక్తులు బైరాగి వేషానికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. ఒక్క రంగుతోనే తెలిసిన మనిషి కొత్తగా కనిపిస్తాడు. చిన్నప్పుడు మా సొంత మామనే గుర్తుపట్టలేక ఏడ్చాను. అందుకే నా మాస్కుకు మూడు రంగులు దాటనివ్వను.

కళ్ల రంధ్రాలు మాత్రం ఆఖర్న, పెట్టుకునే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కోయండి.