మార్కెట్ పెరిగితే మీ గంటలు పెరుగుతాయా?

ప్రశ్న: నాకు సొంత జేసీబీ ఒకటి ఉంది. దాని లోన్ తీరిపోయింది. మట్టి పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్లుగా నడుస్తోంది. ఆయన ఇప్పుడు పెద్ద పని పట్టారు. 20 టన్నుల ఎక్స్‌కవేటర్ (చైన్ మీద నడిచే పెద్ద తవ్వకం యంత్రం) తెస్తే నెలకు 200 గంటలు ఇస్తానంటున్నారు. నిర్మాణ యంత్రాల మార్కెట్ వచ్చే పదేళ్లూ పెరుగుతూనే ఉంటుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. పది శాతం కడితే చాలు, మిగతాది ఐదేళ్ల లోన్ ఇప్పిస్తానని డీలరు చెబుతున్నారు. పాత జేసీబీని కూడా తాకట్టు చూపాలట. ఆ పది శాతంలో సగం, ఇంటి ఖర్చుల కోసం పక్కన పెట్టుకున్న ఎనిమిది నెలల డబ్బులోంచి తీద్దామనుకుంటున్నాను. మిగతా సగం తెలిసినవాళ్ల దగ్గర నెలకు నూటికి రెండు వడ్డీకి దొరుకుతుంది. లెక్కంతా గంటల అద్దెలో వేసుకున్నాను: నెలకు 200 గంటల్లో డీజిల్‌కు 60 గంటల అద్దె, ఈఎంఐకి 70, ఆపరేటరుకు, హెల్పరుకు కలిపి 15 పోతే నాకు 55 మిగులుతుంది. ఇప్పుడే కొనాలా, ఎలక్ట్రిక్ యంత్రాలు వచ్చేదాకా ఆగాలా?

జవాబు: ఇప్పుడు కొనకండి. ఎలక్ట్రిక్ యంత్రాల కోసం అయితే ఆగాల్సిన పని లేదు. ఎలక్ట్రిక్ ఎక్స్‌కవేటర్లు ఇప్పటికి ఎక్కువగా చిన్న సైజుల్లోనే అమ్ముడవుతున్నాయి, మీ 20 టన్నుల పనికి వాటితో సంబంధం లేదు. నేను వద్దనడానికి కారణం మీ ఉత్తరం చివర్లో కాదు, మధ్యలో ఉంది. ఇంటి కోసం దాచిన డబ్బును యంత్రానికి పెడతానన్నారే, అక్కడ. మీ ఒక్కరికీ విడిగా రాయకుండా ఇక్కడ జవాబిస్తున్నది కూడా అందుకే. టిప్పర్ల గురించి, క్రేన్ల గురించి, రోలర్ల గురించి వచ్చే ఉత్తరాల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. మార్కెట్ బాగుందన్న వార్త, తక్కువ డౌన్ పేమెంట్, ఆ కాస్త కట్టడానికి అత్యవసర నిధి ఖాళీ.

ముందు మార్కెట్ సంగతి చూద్దాం. మీరు చదివిన వార్తలు అబద్ధమని నేను అనడం లేదు. రోడ్లు, రైల్వేలు, గనులు, డేటా సెంటర్లు, అన్నిటికీ మట్టి తవ్వాల్సిందే. కానీ ఆ వార్తలు లెక్కపెట్టేది కంపెనీలు ఎన్ని యంత్రాలు అమ్ముతాయన్నది. అమ్ముడయ్యే ప్రతి యంత్రం మీలాంటి ఇంకో యజమాని చేతికి వెళుతుంది. అంటే కంపెనీకి అది అమ్మకం, మీకు పోటీ. యంత్రాల అమ్మకాలు పని కంటే వేగంగా పెరిగిన చోట గంట రేటు పడిపోతుంది. మీ లోన్ ఈఎంఐ మాత్రం పడదు.

చైనాలో జరిగింది అచ్చంగా ఇదే. 2008 చివర్లో అక్కడి ప్రభుత్వం 4 లక్షల కోట్ల యువాన్ల ఉద్దీపన ప్రకటించింది. ఎక్కడ చూసినా పనులు మొదలయ్యాయి. కంపెనీలు, డీలర్లు పోటీపడి అతి తక్కువ డౌన్ పేమెంట్‌తో, కొన్నిసార్లు అసలు ఏమీ కట్టించుకోకుండా ఎక్స్‌కవేటర్లు ఇచ్చేశారు. 2011లో అక్కడ లక్షన్నరకు పైగా అమ్ముడయ్యాయి. 2015కి వచ్చేసరికి ఏడాది అమ్మకాలు 60 వేల లోపుకు దిగాయి. ఆ మధ్య నాలుగేళ్లలో పని లేక, ఈఎంఐలు కట్టలేక ఎంతోమంది యజమానులు యంత్రాలు వదులుకున్నారు. మళ్లీ 2021లో అమ్మకాలు ఎగుమతులతో కలిపి 3 లక్షల 40 వేలు దాటాయి. 2023లో మళ్లీ 2 లక్షల లోపుకు వచ్చాయి. అందులోనూ సగానికి పైగా దేశం బయటికి వెళ్లినవే. ఇరవై ఏళ్ల గీత గీసి చూస్తే అది పైకే పోతున్నట్టు ఉంటుంది. 2011లో ఐదేళ్ల లోన్ తీసుకున్నవాడికి ఆ గీత ఏం పనికొచ్చింది?

ఇది చైనా ఒక్కదాని కథ కూడా కాదు. ఈ రంగంలో అందరికంటే పెద్ద కంపెనీ కాటర్‌పిల్లర్ ఆదాయం 2008లో 51 వందల కోట్ల డాలర్లకు పైన ఉంటే, మరుసటి ఏడాదే 32 వందల కోట్లకు కాస్త పైకి పడిపోయింది. 2012లో 65 వందల కోట్లు దాటి, 2016లో 38 వందల కోట్ల దగ్గర తేలింది. అంత పెద్ద కంపెనీ ఆ గుంటల్ని ఎలా దాటిందంటే, ఫ్యాక్టరీలు మూసింది, మనుషుల్ని తగ్గించింది, చేతిలో నగదు పెట్టుకుంది. మీరు ఏం మూస్తారు? మీ దగ్గర ఉన్న నగదునే డీలరుకు ఇచ్చేస్తానంటున్నారు.

అమ్మకాల అంచనాలు పక్కన పెట్టి ఇంకో అంకె చూడండి. జపాన్ కంపెనీ కొమాత్సు తన యంత్రాల్లో కామ్‌ట్రాక్స్ అనే వ్యవస్థ పెట్టి, ఏ ప్రాంతంలో ఒక్కో యంత్రం నెలకు సగటున ఎన్ని గంటలు నడిచిందో ప్రకటిస్తూ ఉంటుంది. 2023లో చైనాలో ఆ సగటు చాలా నెలల్లో 100 గంటల చుట్టుపక్కలే ఉంది. ఉత్తర అమెరికాలో, యూరప్‌లో అంతకన్నా తక్కువ. 200 గంటలు కనిపించేది ఇండోనేషియాలో. అక్కడ గనుల పని ఎక్కువ, యంత్రం ఆగకుండా నడుస్తుంది. మీ కాంట్రాక్టరు నోటి మాటగా చెప్పిన 200 గంటలు గనిలో దొరికే గంటలు. వాన పడితే, భూమి గొడవ వస్తే, డిజైన్ మారితే ఆగిపోయే సైటులో కాదు. మీ జేసీబీ అవర్ మీటర్ రీడింగులు తీసి గత పన్నెండు నెలలూ నెలకెన్ని గంటలు నడిచిందో రాసి చూడండి. అదే కాంట్రాక్టరు, అదే పని. ఆ అంకె 200 అయితే నాకు మళ్లీ రాయండి.

ఇక మీ 55 గంటల లాభం. లెక్క గంటల్లో వేయడం మంచి అలవాటు, మెచ్చుకుంటాను. కానీ అందులో మరమ్మతు ఏది? మీ జేసీబీ టైర్ల మీద నడిచేది, ఇది చైన్ మీద నడిచేది. చైన్ యంత్రానికి అయ్యే మరమ్మతు ఖర్చులో సగం దాకా కింది భాగమే, అంటే ట్రాక్ చైన్, రోలర్లు, స్ప్రాకెట్లే తినేస్తాయి. పైగా ఇవి కొద్దికొద్దిగా అరిగి ఒక్కసారిగా పెద్ద బిల్లు తెస్తాయి. ఆయిల్, ఫిల్టర్లు, బకెట్ పళ్లు, హోస్‌లు ఎలాగూ ఉంటాయి. నేనైతే వీటన్నిటికీ గంట అద్దెలో 15 శాతం, అంటే 200 గంటలకు 30 గంటల అద్దె పక్కన పెడతాను. ఇన్సూరెన్సుకు, యంత్రాన్ని ట్రెయిలర్ మీద తరలించడానికి నెలకు ఇంకో 6 గంటలు వేయండి. 200 గంటల పని పూర్తిగా దొరికినా మీకు మిగిలేది 55 కాదు, 19. తెలిసినవాళ్ల వడ్డీ కూడా ఆ 19లోంచే పోవాలి. వాళ్ల అసలు ఎప్పుడు తీరుస్తారో మీ ఉత్తరంలో లేదు.

గంట అద్దెలో డీజిల్‌కు 30 శాతం, మరమ్మతుకు 15 శాతం పోగా చేతికొచ్చేది 55 శాతం. పని ఉన్నా లేకపోయినా నెలనెలా కట్టాల్సినవి ఈఎంఐ, జీతాలు, ఇన్సూరెన్స్ కలిపి 91 గంటల అద్దె. అంటే నెలకు దాదాపు 165 గంటలు నడిస్తేనే మీరు సున్నా దగ్గర నిలబడతారు. 120 గంటలు నడిచిన నెలలో 25 గంటల అద్దె మీ జేబులోంచి పెట్టుకోవాలి. అప్పటికి ఆ జేబు ఖాళీ అయి ఉంటుంది.

పని దొరికినా డబ్బు వెంటనే రాదన్నది మీకు నేను చెప్పాలా? కాంట్రాక్టరుకు పై నుంచి బిల్లు పాస్ అయ్యాకే మీకు ఇస్తారు. మూడు నెలలు ఆలస్యమైందనుకోండి. ఆ మూడు నెలల్లో డీజిల్‌కు 180, ఈఎంఐలకు 210, జీతాలకు 45, మొత్తం 435 గంటల అద్దె మీ చేతి నుంచి బయటికి వెళ్లిపోతుంది. లోపలికి వచ్చేది ఏమీ ఉండదు. డీజిల్ బంకులో 'బిల్లు వచ్చాక ఇస్తాను' అంటే పోయరు.

అందుకే నా దగ్గరికి యంత్రం ప్రశ్న వస్తే ముందు రెండు నిధులు చూపించమంటాను. మొదటిది ఇంటిది. ఎనిమిది నెలల ఖర్చు దాచుకున్నారు, చాలామంది చేయని పని చేశారు. దాన్ని ముట్టుకోకండి. డౌన్ పేమెంట్‌కు కాదు, ఆపరేటరు అడ్వాన్సుకు కాదు, 'రెండు నెలల్లో మళ్లీ పెట్టేస్తాను' అన్న మాటకు అసలే కాదు. ఆ డబ్బు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతేనో, జేసీబీ ఆగిపోయి ఇల్లు గడవకపోతేనో వాడేది. ఇప్పుడు మీ ఇల్లు ఆ ఒక్క యంత్రం మీదే నడుస్తోంది కాబట్టి నిజానికి ఎనిమిది నెలలు కూడా నాకు కాస్త తక్కువే అనిపిస్తుంది.

రెండోది యంత్రానిది, వేరే ఖాతాలో. యంత్రం ఒక్క గంట నడవకపోయినా ఆరు నెలలు గడిచేంత. మీ విషయంలో 91 చొప్పున ఆరు నెలలకు 546 గంటల అద్దె. చాలా పెద్ద మొత్తంలా ఉంది కదా? యంత్రం తెచ్చాక దాని మిగులుతోనే పోగు చేద్దామనుకుంటే, ప్రతి నెలా 200 గంటలు తప్పకుండా దొరికి, నెలకు 19 చొప్పున దాచినా రెండేళ్లకు పైగా పడుతుంది. ఆ రెండేళ్లలో ఒక వానాకాలం గట్టిగా పడినా, ఒక హైడ్రాలిక్ పంపు పోయినా మళ్లీ మొదటికే. కాబట్టి ఈ నిధి యంత్రం కంటే ముందు రావాలి. అంత దాచలేకపోతే అంత పెద్ద ఈఎంఐ మోయలేరనే అర్థం. ఇందులో బేరం లేదు.

నూటికి రెండు వడ్డీ గురించి ఎక్కువ రాయడం నాకిష్టం లేదు. ఏడాదికి 24 శాతం అది. డౌన్ పేమెంటే అప్పు తెచ్చి కడితే దాన్ని డౌన్ పేమెంట్ అనరు. నూటికి నూరు పాళ్లూ అప్పుతోనే కొంటున్నట్టు, అందులో కొంత భాగం అతి ఖరీదైన అప్పుతో. తెలిసినవాళ్లు కాబట్టి ఒత్తిడి ఉండదనుకుంటున్నారేమో. బ్యాంకువాళ్లు నోటీసు పంపుతారు, తెలిసినవాళ్లు ఇంటికొస్తారు.

తాకట్టు సంగతి అంతకన్నా ఘోరం. అప్పు లేని జేసీబీ మీ ఇంటికి ఆధారం. దాన్ని కొత్త లోన్‌కు హామీగా రాసిస్తే, ఎక్స్‌కవేటర్ ఈఎంఐలు ఆగినప్పుడు రెండూ పోతాయి. ఇప్పటి యంత్రాల్లో జీపీఎస్ ఉంటుంది, వాయిదా తప్పితే ఇంజిన్ స్టార్ట్ కాకుండా దూరం నుంచే ఆపేసే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. నడిపి సంపాదించి కట్టేస్తానన్న మాటకు కూడా అప్పుడు వీలుండదు. డీలరు ఇంకెంత మంచి ఆఫరు ఇచ్చినా ఆ ఒక్క సంతకం మాత్రం చేయకండి.

ఆఫరులో వడ్డీ ఫ్లాట్‌గా, అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీద చెబుతున్నారా, తగ్గుతున్న బాకీ మీదా అని అడిగారా? ఐదేళ్లకు 8 శాతం ఫ్లాట్ అంటే తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే వడ్డీ 14 శాతం దాటుతుంది. ఇంజిన్ పొగ మీద కొత్త ఉద్గార నిబంధనలు వస్తే ధర పెరుగుతుంది, ఈ నెలలోనే తీసుకోండి అని కూడా తొందరపెడతారు. ధర పెరగడం నిజమే కావచ్చు. భారత్‌లో 2025 జనవరి 1 నుంచి చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు నిబంధనలు మారే ముందు కూడా ఇలాగే కొనుగోళ్ల హడావుడి జరిగింది. కానీ అలా అందరూ ఒకేసారి కొంటే అన్ని యంత్రాలూ ఒకేసారి పని వెతుక్కుంటాయి. పెరిగే ధరకు భయపడి మోయలేని ఈఎంఐ నెత్తికెత్తుకోవడం నాకైతే అర్థం కాదు.

మీ ముందున్న మిగతా దారులు: కాంట్రాక్టరుకు ఎక్స్‌కవేటర్ కావాలంటే ఈ పనికి మీరే ఒకటి నెల అద్దెకు తెచ్చి నడపండి, మిగిలేది తక్కువైనా పని ఆగిన రోజు తిరిగి ఇచ్చేయొచ్చు. సెకండ్ హ్యాండ్ చూస్తే అవర్ మీటర్‌ను నమ్మకండి, ట్రాక్ చైన్ అరుగుదల కొలిపించండి. యంత్రాల కంపెనీల షేర్లు కొంటే ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు, ఒకే రంగం మీద బతికేవాళ్లు పొదుపు కూడా ఆ రంగంలోనే పెట్టొద్దు.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. మీ పేరు మీద టర్మ్ పాలసీ ఉందా? ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా? ఆపరేటరుకు, హెల్పరుకు ప్రమాద బీమా? ఇవి లేకపోతే ఎక్స్‌కవేటర్ మాట ఎలా ఉన్నా ఈ నెలలోనే తీసుకోండి.

కాంట్రాక్టరును మాత్రం ఒకటి అడిగి చూడండి: పని ఉన్నా లేకపోయినా నెలకు కనీసం 165 గంటలకు డబ్బు ఇస్తానని, బిల్లు 30 రోజుల్లో చెల్లిస్తానని కాగితం మీద రాసిస్తారా? మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఇస్తారా? రాసిస్తే ఆ కాగితం, జేసీబీ పన్నెండు నెలల రీడింగులు, రెండు ఖాతాల బ్యాలెన్సులు పెట్టి మళ్లీ రాయండి, అప్పుడు లోన్ ఎంత తీసుకోవచ్చో మాట్లాడుకుందాం. 'మన మధ్య కాగితాలెందుకు' అని ఆయన నవ్వేస్తే, ఆ 200 గంటలు మీ లెక్కలోంచి కొట్టేయండి.