మొదటి పిస్టల్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. లైసెన్స్ చేతికొచ్చిందని విని చాలా సంతోషించాను. నువ్వు పంపిన జాబితా చూశాను. గ్లాక్ నుంచి హై-పాయింట్ దాకా అన్నీ ఉన్నాయి. "వీటిలో తక్కువ ధరకి వచ్చి, జామ్ కాకుండా, సూటిగా కొట్టేది ఏదో ఒక్క ముక్కలో చెప్పు అత్తయ్యా" అని రాశావు. ఒక్క ముక్కలో చెప్తే అది నా చేతికి కుదిరే పిస్టల్ అవుతుంది, నీ చేతికి కాదు. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఒక సంగతి తేల్చుకో. జామ్ కాకపోవడం మొదటి ప్రశ్న, గురి రెండో ప్రశ్న. ఈ వరస మార్చకు. ఇప్పుడు పేరున్న కంపెనీలు చేసే 9 ఎంఎం పిస్టల్ ఏదైనా, కొత్తగా నేర్చుకునేవాడి చెయ్యి కంటే బాగానే కొడుతుంది. గురి విషయంలో చాలాకాలం లోపం నీదే ఉంటుంది, పిస్టల్‌ది కాదు. మాటిమాటికీ ఆగిపోయే పిస్టల్ మాత్రం నిన్ను అసలు నేర్చుకోనివ్వదు. ట్రిగ్గర్ మీద పెట్టాల్సిన ధ్యాసంతా "ఈసారి పేలుతుందా లేదా" అన్న టెన్షన్‌లోకి పోతుంది.

ఫలానా పిస్టల్ నమ్మకమైనదని జనం ఎలా అంటారో గమనించావా? "200 తూటాలు కాల్చాను, ఒక్కసారి కూడా ఆగలేదు" అంటారు. వినడానికి బాగుంటుంది కానీ అది పెద్ద రుజువేం కాదు. దీనికో సులువైన లెక్క ఉంది. ఒక్క తప్పు కూడా లేకుండా ఎన్ని తూటాలు కాల్చావో, 3ని ఆ సంఖ్యతో భాగించు. అసలు తప్పుల శాతం అంతకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 200తో భాగిస్తే నూటికి ఒకటిన్నర. అంటే 200 సాఫీగా పేలిన పిస్టల్ కూడా నిజానికి 70 తూటాలకి ఒకసారి ఆగే రకం అయ్యుండొచ్చు. 300 పేలితే నూటికి ఒకటి లోపని చెప్పగలవు. 1,500 పేలితేనే 500కి ఒకటి లోపని చెప్పగలవు. కాబట్టి ఒకరి పిస్టల్ 200లో ఒకసారి ఆగింది, ఇంకొకరిది ఆగలేదు అన్న పోలికతో ఏ నిర్ణయానికీ రాకు. సైన్యాలు, పోలీసులు ఏళ్ల తరబడి వాడి, విడిభాగాలన్నీ ఇప్పటికీ దొరుకుతున్న మోడల్ అయితే ఆ చరిత్రకి విలువ ఉంది. నీ చేతిలో ఉన్న ఆ ఒక్క పిస్టల్ సంగతి మాత్రం నువ్వే కాల్చి తెలుసుకోవాలి.

పిస్టల్ ఆగిపోతే అందరూ ముందు పిస్టల్‌నే తిడతారు. నేను నేర్పినవాళ్ల దగ్గర చూసినంతలో ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్‌ని, అంటే తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బాని. పైనున్న అంచులు కొద్దిగా వంగినా, స్ప్రింగ్ నీరసించినా తూటా సరైన కోణంలో పైకి రాదు. అందుకే కొన్న రోజే ప్రతి మ్యాగజైన్ అడుగున చెరగని ఇంకుతో 1, 2, 3 అని అంకె వెయ్యి. ఆగిన ప్రతిసారీ ఏ అంకెదో, ఏ తూటాతో ఆగిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకో. ఆగినవన్నీ 2వ నంబరుతోనే అయితే పిస్టల్ మంచిదే, ఆ మ్యాగజైన్ పక్కన పెట్టెయ్. కంపెనీ మ్యాగజైన్లకి బదులు చవక రకం కొని మిగుల్చుకుందామని మాత్రం అనుకోకు. అక్కడ మిగిలే డబ్బు ఎక్కడా అక్కరకు రాదు.

రెండోది తూటా. 9 ఎంఎం తూటాలో ఎగిరి వెళ్లే గుండ్లు 115, 124, 147 గ్రెయిన్ల బరువుల్లో వస్తాయి, అంటే సుమారు ఏడున్నర, ఎనిమిది, తొమ్మిదిన్నర గ్రాములు. ముక్కు గుండ్రంగా ఉన్న గుండుని దాదాపు ప్రతి పిస్టల్ సాఫీగా మింగుతుంది. ముక్కు వెడల్పుగా, బోలుగా ఉన్నవాటి దగ్గర కొన్ని పేచీ పెడతాయి. మూడోది నీ మణికట్టు. పేలినప్పుడు స్లైడ్, అంటే పిస్టల్ మీద జారే పైభాగం, వెనక్కి పూర్తిగా రావాలంటే ఫ్రేమ్, అంటే పిడి ఉండే కింది భాగం, కదలకుండా నిలబడాలి. చెయ్యి వదులుగా పెడితే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది. స్లైడ్ నడవాల్సినంత దూరం నడవదు, ఖాళీ తొడుగు బయటికి పోకుండా మధ్యలో నిలబడి ఇరుక్కుంటుంది. తేలికైన ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లలో ఇది ఎక్కువ. పదేపదే ఆగుతున్న పిస్టల్‌ని అనుభవం ఉన్నవాళ్లకి ఇచ్చి అదే మ్యాగజైన్, అదే తూటాతో కాల్పించి చూడు. వాళ్ల చేతిలో ఆగకపోతే కారణం ఎక్కడుందో నీకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది ప్రాణాలకి సంబంధించింది. ట్రిగ్గర్ నొక్కాక మామూలు చప్పుడుకి బదులు నీరసంగా "టప్" మంటే, ఇంకో తూటా కాల్చకూడదు. గుండు బ్యారెల్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు. అసలు పేలనే లేదంటే పిస్టల్‌ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఆ తర్వాతే ఖాళీ చెయ్యి.

ఇక గురి. ఈ జాబితాలో చాలావరకు బ్యారెల్ కదిలే రకం. పేలిన క్షణంలో బ్యారెల్, స్లైడ్ కలిసి కొద్దిగా వెనక్కి వస్తాయి, బ్యారెల్ వెనక భాగం కిందకి వాలి విడిపోతుంది, మళ్లీ వచ్చి తాళం పడుతుంది. గురి చూసే సైట్లు ఉండేది స్లైడ్ మీద. కాబట్టి ప్రతిసారీ బ్యారెల్ స్లైడ్‌లో సరిగ్గా అదే చోట కూర్చుంటుందా లేదా అన్నదే పిస్టల్ గురికి మూలం. ఆ బిగువు మరీ పెంచితే కాస్త మురికికే ఇరుక్కుంటుంది, మరీ వదులైతే గుండ్లు చెదురుతాయి. పోటీలకి చేసే ఖరీదైన పిస్టళ్లు బిగువు వైపు, సైన్యాల కోసం చేసినవి వదులు వైపు ఉండేది ఇందుకే. మామూలు సర్వీస్ పిస్టల్‌ని ఆనించి, 25 మీటర్ల దూరంలో 5 తూటాలు కాలిస్తే 5 నుంచి 10 సెంటీమీటర్ల గుంపులో పడితే మంచిదే అనుకో.

నీ చెయ్యి సంగతి కూడా లెక్కవేసి చూడు. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య 16 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. ట్రిగ్గర్ నొక్కే కంగారులో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 16 సెంటీమీటర్ల పక్కన పడుతుంది. 6 సెంటీమీటర్ల గుంపు వేసే పిస్టల్‌కీ 8 సెంటీమీటర్ల గుంపు వేసే పిస్టల్‌కీ ఉన్న తేడా ఇందులో ఎక్కడ కనిపిస్తుంది చెప్పు? అందుకే నేను బ్యారెల్ కంటే ట్రిగ్గర్‌ని ఎక్కువ చూడమంటాను. బరువు, అంటే నొక్కడానికి కావాల్సిన బలం, కాస్త ఎక్కువైనా సాఫీగా, ఎక్కడా పట్టకుండా, ప్రతిసారీ ఒకే చోట పేల్చే ట్రిగ్గర్ ఉంటే చాలు.

రెండు పిస్టళ్లని పోల్చేటప్పుడు ఇసుక సంచి మీద చేతులు ఆనించి కాల్చు. ఒకే పెట్టెలోని తూటాలు రెండింటికీ వాడు. ఒక్క గుంపు చూసి తీర్పు చెప్పకు, ఐదేసి తూటాల గుంపులు కనీసం నాలుగు కాల్చి సగటు తియ్యి. మూడు తూటాలతో అందమైన గుంపు వచ్చిందని మురిసిపోయేవాళ్లని చాలామందిని చూశాను. మూడు తూటాల గుంపు ఐదు తూటాల గుంపు కంటే సహజంగానే చిన్నగా ఉంటుంది, అంతే. ఆ తర్వాత వేరే బరువు గుండుతో మళ్లీ చెయ్యి. ఒక పిస్టల్‌కి 115 నచ్చుతుంది, దాని అన్నదమ్ముడికే 147 నచ్చుతుంది.

ఇప్పుడు నీ జాబితా. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. భాగాలు తక్కువ, విప్పి శుభ్రం చెయ్యడం తేలిక, మ్యాగజైన్లూ విడిభాగాలూ సులువుగా దొరుకుతాయి. జామ్ కాకపోవడం ఒక్కటే కొలత అయితే నేను కళ్లు మూసుకుని దీని పేరే చెప్తాను. ట్రిగ్గర్ గొప్పగా ఉండదు, పిడి వాలు అందరికీ నచ్చదు. కొత్తది నీ లెక్కకి మించితే పాతది చూడు, ఆ సంగతి కింద రాశాను.

సీజెడ్ 75 అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1975లో చెకోస్లోవేకియాలో పుట్టింది. చాలా పిస్టళ్లలో స్లైడ్ ఫ్రేమ్‌ని బయటి నుంచి పట్టుకుంటుంది, ఇందులో ఫ్రేమ్ లోపల నడుస్తుంది. ఉక్కు ఫ్రేమ్, కిలో దాకా బరువు, పిడి అరచేతిలో ఒదిగిపోతుంది. పేలినప్పుడు ఎగరడం తక్కువ కాబట్టి కొత్తవాళ్లు దీనితో తొందరగా బెదురు పోగొట్టుకుంటారు. ఇబ్బంది ఏమిటంటే మొదటి తూటాకి ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా ఉంటుంది, తర్వాతవి తేలిక. రెండూ వేర్వేరుగా నేర్చుకోవాలి. స్లైడ్ లోపలే ఉండటంతో లాగడానికి పట్టు కూడా తక్కువ దొరుకుతుంది. ఇటలీ, టర్కీ కంపెనీలు దీని నమూనా మీద చేసినవి ఇంకా చవకగా ఉంటాయి, వాటిలో మంచివి ఉన్నాయి. అయితే కొనేముందు మ్యాగజైన్లు దొరుకుతాయో లేదో కనుక్కో, ఈ నమూనా పిస్టళ్లన్నిటి మ్యాగజైన్లూ ఒకదాంట్లో ఒకటి పట్టవు.

టర్కీ వాళ్ల కానిక్ టీపీ9 వరస వాల్తర్ పీ99 నమూనా మీద వచ్చింది. ఇచ్చే ధరకి ఈ ట్రిగ్గర్ చాలా మంచిది, అది మనసులో మాటే చెప్తున్నాను. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీలో పిడి వెనక భాగం మార్చుకోవచ్చు, నీకున్న పొడవాటి వేళ్లకి అది మేలు. వాళ్లదే ఎస్‌డీ9 ఇంకా చవక, కానీ ట్రిగ్గర్ బరువు. రూగర్ సెక్యూరిటీ-9 సాదాసీదా పనిమంతురాలు. టారస్ జీ3 గురించి రెండు రకాల మాటలూ వింటావు. నాకు తెలిసి బాగా పనిచేసినవీ ఉన్నాయి, ఒకటికీ ఇంకొకటికీ తేడా ఎక్కువ కనిపించినవీ ఉన్నాయి. తీసుకుంటే ఇందాక చెప్పిన 300 తూటాల పరీక్ష దీనికి తప్పనిసరి.

హై-పాయింట్ అన్నిటికన్నా చవక. అందులో తాళం పడే ఏర్పాటే ఉండదు, బరువైన స్లైడే దెబ్బని ఆపుతుంది, ఆ స్లైడ్ జింక్ మిశ్రమంతో పోత పోసింది. బ్యారెల్ కదలదు కాబట్టి గురి జనం అనుకునేంత చెడ్డగా ఉండదు, ఇది న్యాయంగా చెప్పాలి. కానీ పైభాగం బరువెక్కి చేతిలో తూకం కుదరదు. నేర్చుకోవడానికి నేను సిఫారసు చెయ్యను.

పాత పిస్టల్ కొనడానికి సిగ్గుపడకు. పోలీసు శాఖలు మార్చేసినవి ఒరలో రాసుకుని పైన గీతలు పడి ఉంటాయి, లోపల మాత్రం కాల్చింది తక్కువ. ముందు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, బ్యారెల్ తీసి వెలుతురుకి పట్టు. లోపల ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బిందని అర్థం, వదిలెయ్. ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు విరగలేదు కదా, ఫ్రేమ్ పట్టాల దగ్గర పగుళ్లు లేవు కదా చూడు. స్లైడ్ మూసి, బ్యారెల్ వెనక భాగాన్ని వేలితో నొక్కి చూడు, కిందకి ఆడకూడదు. స్లైడ్‌ని మళ్లీ ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగ్, మ్యాగజైన్ స్ప్రింగులు ఎలాగూ కొత్తవి వేయించు. చీకట్లో వెలిగే ట్రిటియం సైట్లున్నాయని ఎక్కువ అడిగితే తయారైన ఏడు చూడు, 12 ఏళ్లకి వాటి వెలుగు సగానికి పడిపోతుంది. సీరియల్ నంబరుతో కంపెనీ రీకాల్ ఏమైనా ఉందేమో కూడా చూసుకో. 2008లో రూగర్ తన ఎస్ఆర్9 పిస్టళ్లని, కింద పడితే పేలే అవకాశం ఉందని వెనక్కి పిలిపించి ఉచితంగా బాగుచేసింది. బాగుచేయించుకోనిది నీ చేతికి రాకూడదు కదా.

డబ్బు లెక్క ఇలా వేసుకో. ముందు చెవులకి, కళ్లకి రక్షణ. 9 ఎంఎం చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన ఒక్క పేలుడు చాలు చెవి పాడవడానికి. పోయిన వినికిడి తిరిగి రాదు నాన్నా. తర్వాత తాళం పడే ఉక్కు పెట్టె, ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా. తర్వాత మూడు మ్యాగజైన్లు, కోచ్ ఫీజు, 1,000 తూటాలు. ఇవన్నీ తీసేశాక మిగిలిన డబ్బులో వచ్చే పిస్టలే నీ పిస్టల్. చాలామంది దీన్ని తిరగేసి, పిస్టల్ మీద అంతా పెట్టి తూటాలు లేక దాన్ని పెట్టెలో పెట్టుకుంటారు. రేంజ్ నుంచి రాగానే ఏమైనా తినేముందు చేతులు సబ్బుతో కడుక్కో, సీసం పొడి అంటుకుని ఉంటుంది.

నన్ను పట్టుబట్టి అడిగావు కాబట్టి నా వరస రాస్తున్నాను. ఉక్కు బరువు నీకు ఇష్టమైతే సీజెడ్ 75, అది కూడా పాతది, స్ప్రింగులు మార్పించి. తేలికది కావాలంటే పాత గ్లాక్ లేదా కొత్త కానిక్, ఈ రెండిట్లో ఏది నీ వేలికి బాగా అందితే అది. రేంజ్‌లో అద్దెకిచ్చేవి ఉంటాయి, ఈ మూడూ కాల్చి చూసేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. ఒక్కోదానితో నాలుగేసి గుంపులు కాల్చి, కాగితాల మీద పిస్టల్ పేరు, తూటా బరువు రాసి నాకు ఫోటోలు పంపు. ఆగినవి ఉంటే అవి కూడా దాచకుండా రాయి. వాటిని చూశాక ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య