అమ్మ పోయాక వచ్చే మొదటి ఈస్టర్... చర్చికి వెళ్లాలని లేదు

ప్రశ్న: మా అమ్మ క్యాన్సర్‌తో చనిపోయి కొద్ది నెలలే అయింది. ఉపవాసాలుండి ప్రార్థించాం, సంఘమంతా ప్రార్థించింది, బాగైపోతుందనే గట్టిగా నమ్మాను. ఇప్పుడు ఈస్టర్ వస్తోంది. ‘ఆయన లేచియున్నాడు’ అని అందరూ సంతోషంగా చెప్పుకుంటుంటే మధ్యలో నిలబడటం నావల్ల కాదు. మావారేమో పండగపూట రాకపోతే ఎలా అంటున్నారు. విశ్వాసం ఉన్నవాళ్లు ఇంతలా ఏడవరని అత్తయ్య అంటున్నారు. ఆరేళ్ల మా పాప మొన్న ‘యేసయ్య మూడో రోజే లేచాడు కదా, మరి అమ్మమ్మ ఎప్పుడు లేస్తుంది?’ అని అడిగితే నోట మాట రాలేదు. నా విశ్వాసం పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. విశ్వాసం పోయినవాళ్లకి ఈస్టర్ కూడా ఒక ఆదివారమే, దాని గురించి ఇంత బాధపడరు.

నేనూ విశ్వాసినే కాబట్టి చనువుగా చెబుతున్నా. మొదటి ఈస్టర్ రోజు పొద్దున ఉన్నది సంతోషమొక్కటే కాదు. మార్కు సువార్త చూడండి, సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. మగ్దలేనే మరియ ఎంత ఏడుస్తోందంటే ఎదురుగా నిలబడిన యేసుని తోటమాలి అనుకుంది. ఎమ్మాయు అనే ఊరికి నడిచివెళ్తున్న ఇద్దరు శిష్యులూ యేసు మీద ఎంతో ఆశ పెట్టుకున్నామని, అది అయిపోయిన సంగతిలా చెప్పుకున్నారు. ఆయన వాళ్ల పక్కనే నడుస్తూ ఏం జరిగిందో ముందు వాళ్లనే చెప్పమన్నాడు (తర్వాత మందలించాడు, నిజమే, కానీ మొత్తం విన్నాకే). ఆయన లేచాడని తోమా వారంపాటు నమ్మనే లేదు, అయినా మిగతా శిష్యులు అతన్ని గదిలోంచి బయటికి పంపలేదు. మీరు వీళ్లలో ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు.

అత్తయ్యగారి మాటకొస్తే, చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట మనవాళ్లు సమాధి కార్యక్రమాల్లో తరచూ చదువుతారు కదా, ఆయన వద్దన్నది నిరీక్షణ లేనివాళ్లలా ఏడవడం, అసలు ఏడుపునే కాదు. ఇది ఆవిడతో వాదించి గెలవడానికి చెప్పట్లేదు, మీలో మీరు కుమిలిపోకుండా ఉండటానికి. ఇంకాస్త నమ్మి ప్రార్థిస్తే అమ్మ బతికేదేమో అన్న ఆలోచన కూడా ఉండే ఉంటుంది. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఈ శ్రమల గిన్నె తొలగించమని యేసే మూడుసార్లు ప్రార్థించాడు, అది తొలగలేదు. ఆయనకి విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా?

ఇక మీవారి సంగతి. రానంటే రానని పంతం పట్టకుండా, మీకు ఏది కష్టమో విడమరిచి చెప్పండి: ‘వస్తాను, కానీ చివరి వరుసలో కూర్చుంటాను, పాడలేను, మధ్యలో లేచి బయటికెళ్తే నన్ను వెతుక్కుంటూ రావద్దు, ఎందుకెళ్లావని అడగొద్దు’ అని. అదీ కష్టమనిపిస్తే ఈసారికి గుడ్ ఫ్రైడే ఆరాధనకి మాత్రం వెళ్లండి, అక్కడ ఏడ్చేవాళ్లని ఎవరూ వింతగా చూడరు. ఈస్టర్ కాలమంటే పెంతెకొస్తు దాకా 50 రోజులు, ఆ ఒక్క పూటతో అయిపోయేది కాదు. ప్రార్థనకి మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి, అందులో చివరిదాకా వెలుగు రాదు, ఆఖరి మాట కూడా చీకటి గురించే. అయినా అది ప్రార్థనగానే బైబిల్లో ఉంది.

పాపకి మాత్రం నిజమే చెప్పండి. ‘ప్రభువునందు నిద్రించారు’ అని మనం పెద్దవాళ్లం వాడే మాట ఆ వయసు పిల్లలతో అస్సలు వద్దు, రాత్రి పడుకోవాలంటేనే భయపడతారు. ‘అమ్మమ్మ చనిపోయింది, ఇప్పుడు మన ఇంటికి రాదు. దేవుడు ఒకరోజు అందరినీ లేపుతాడని మనం నమ్ముతున్నాం. ఆ రోజు ఎప్పుడో అమ్మకీ తెలియదు’ అంటే చాలు. మళ్లీ మళ్లీ అడుగుతుంది, విసుక్కోకుండా అవే మాటలు చెప్పండి. చెబుతూ చెబుతూ మీకు ఏడుపొచ్చినా తప్పేం లేదు.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, పాప పనులు కూడా చేయలేకపోతున్నా మానసిక వైద్యుల్ని కలవండి, ప్రార్థన చేసుకుంటూనే మందులు వాడొచ్చు. నేనూ అమ్మ దగ్గరికి వెళ్లిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆదివారం దాకా ఆగకుండా ఆ రోజే మీవారికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.