కంకర మడిలో నీళ్లు దిగడం లేదు, కంకరంతా మార్చాలా?

ప్రశ్న: పశువుల కొట్టం కడిగిన నీళ్లను జమ్ము నాటిన కంకర మడి గుండా పంపి, బయటికొచ్చిన నీటిని పశుగ్రాసానికి పెడుతున్నాను. మడి పొడవు 10 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు. రెండేళ్లు బాగానే పనిచేసింది. ఇప్పుడు నీళ్లు వచ్చి పడేచోటే కంకర మీద నిలిచి కంపు కొడుతున్నాయి. పనికిరాని పాలు కూడా ఆ కాలువలోనే పోస్తాం. జమ్ము పీకేసి కంకరంతా మార్చాలా?

జవాబు: అంత పని అక్కర్లేదు. ఇలాంటి మడులు దాదాపు ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపే పూడతాయి. నీళ్లు పడేచోటు నుంచి మీటరు దూరంలో ఒకటి, మడి మధ్యలో ఒకటి గుంట తీసి చూడండి. మధ్యలో కంకర శుభ్రంగా ఉంటే అటువైపు ముట్టుకోవద్దు.

మొదటి గుంటలోని బురదను వేళ్ల మధ్య నలిపి చూడండి. నల్లగా, జిగురుగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉండి, గాలి తగిలాక గోధుమ రంగుకు తిరిగితే అది సూక్ష్మజీవుల జిగురు, పేడ మడ్డి. అలాకాక గరగరలాడితే కడగకుండా పోసిన కంకర పొడి, గిట్టలకు అంటుకొచ్చిన మట్టి. జిగురైతే మడికి విశ్రాంతి ఇవ్వాలి. బయటికి పోయే గొట్టాన్ని కిందికి దించి నీళ్లన్నీ తీసేసి, కొన్ని వారాలు ఎండనివ్వండి. గాలి ఆడితే సూక్ష్మజీవులే ఆ జిగురును చాలావరకు తినేస్తాయి. మట్టి, రాతిపొడి అయితే ఎన్నాళ్లు ఆరబెట్టినా కదలవు. పూడినంత మేర కంకర తీసి, కడిగి, మళ్లీ పోసుకోవాల్సిందే. తిరిగి పోసేటప్పుడు నీళ్లు పడేచోట 40 నుంచి 80 మిల్లీమీటర్ల పెద్ద రాళ్లు వేయండి. బ్లీచింగ్, యాసిడ్ మాత్రం పోయకండి, పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి.

జమ్ము వేళ్లు కొంత చోటు తీసుకునే మాట నిజమే. కానీ మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది చివర్లో మామూలుగా అనేసిన పాల సంగతి. లీటరు పాలకు బీఓడీ, అంటే కుళ్లడానికి పట్టే ఆక్సిజన్, సుమారు 100 గ్రాములు. దాదాపు 400 లీటర్ల ఇంటి మురుగునీటితో సమానం! నీళ్లు ప్రవేశించే ముఖం చదరపు మీటరుకు రోజుకు 250 గ్రాముల బీఓడీ దాటకూడదన్నది నిపుణులు వాడే లెక్క. మీ మడి ముఖం 3 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల లోతు, అంటే 1.8 చదరపు మీటర్లు. పరిమితి 450 గ్రాములు. నాలుగున్నర లీటర్ల పాలతోనే అది నిండిపోతుంది, పేడ లెక్క ఇంకా వేయనే లేదు.

కాబట్టి పాలు ఆ కాలువలో పడకూడదు. పేడను పారతో ఎత్తి ఎరువు గుంటకు చేర్చాకే నేల కడగండి. మడికి ముందు సెటిలింగ్ ట్యాంకు, అంటే మడ్డి అడుగుకు దిగే తొట్టి, లేకపోతే కట్టించండి, నీళ్లు అందులో కనీసం ఒక రోజు నిలవాలి. మడ్డి సగానికి చేరకముందే తోడించండి. అందులోకి మనిషిని మాత్రం దింపొద్దు, విషవాయువు ప్రాణం తీస్తుంది.

మరో మడి వేసే వీలుంటే పొడవు తగ్గించినా పర్వాలేదు, వెడల్పు పెంచండి. అప్పుడు ఒకదానికి నీళ్లు పెడుతూ రెండోదాన్ని ఆరబెట్టుకోవచ్చు.