ఆర్‌ఎక్స్ 100కి బయానా ఇచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు కొందామనుకుంటున్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100 వీడియో రెండుసార్లు చూశాను. చప్పుడు బాగానే ఉంది. ‘135 కిట్ ఎక్కించిన బండి, అందుకే రేటెక్కువ’ అని అమ్మేవాడు అన్నాడని చెప్పావు చూడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ముందు లెక్క చూడు. ఆర్‌ఎక్స్ 100లో బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, అదీ 50. అది 98 సీసీ. ఆర్‌ఎక్స్ 135లో స్ట్రోకు అదే, బోరు మాత్రం 58. అది 132 సీసీ. అంటే 135 కిట్‌తో మారింది పైనున్న సిలిండర్ బ్లాకు, పిస్టన్. కింద పిస్టన్ తిప్పే క్రాంకు, దాని బేరింగులు, రెండు పక్కలా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు పాతవే ఉండొచ్చు. 1996తోనే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది కాబట్టి ఆ పాత సామాన్ల వయసు నీకంటే ఎక్కువ.

నా బండి సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. 2014 మేడారం జాతరకు పోతున్నా. కొత్త బ్లాకు వేయించి నెల కూడా కాలేదు. పస్రా దాటాక బండి లాగడం తగ్గింది, కాసేపటికి వెనక చక్రం కర్‌ర్‌మని పట్టేసింది. చెయ్యి క్లచ్ మీదే ఉండబట్టి పడలేదు. విప్పితే పిస్టన్‌కు ఒక పక్క గోళ్లతో గీరినట్టు గీతలు. కారణం పిస్టన్ కాదు, మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు. చేసినాయన దాన్ని మార్చకుండా పైపైన బిగించాడు. ఎండిన సీలు గాలి పీల్చింది. గాలి ఎక్కువై, పెట్రోలుతో వచ్చే ఆయిల్ చాలక ఇంజిన్ వేడెక్కి జామైంది. ఆ పిస్టన్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, పెన్నులు వేసుకుంటున్నా.

అందుకే కిట్ ఏ కంపెనీదని తర్వాత అడుగు. క్రాంకు విప్పారా, సీళ్లు మార్చారా, లేత్ షాపు బిల్లుందా, ఇవి ముందు అడుగు. ఆయిల్ పంపు పనిచేస్తుందా, లేక తీసేసి పెట్రోల్లోనే టూటీ (2T) ఇంజిన్ ఆయిల్ కలుపుతున్నారా? అది తెలియక ఉత్త పెట్రోల్ పోశావంటే ఇంజిన్ పోయినట్టే.

టూ స్ట్రోక్ కాబట్టి పొద్దున కాస్త పొగ వస్తుంది, టెన్షన్ పడకు. వేడెక్కాక కూడా పొగ తగ్గకుండా గేర్ ఆయిల్ తరుగుతుంటే క్లచ్ వైపు సీలు పోయిందని అర్థం. యాక్సిలరేటర్ వదిలినా స్పీడు దిగకుండా ఇంజిన్ అరుస్తుంటే ఎక్కడో గాలి లాగుతోంది, నాకు తగిలిన జబ్బు అదే. కిక్ రాడ్ చేత్తో నొక్కి చూడు, మెత్తగా దిగిపోతే కంప్రెషన్ లేనట్టే. హెడ్డు విప్పనిస్తే ఇంకా మంచిది. పిస్టన్ నెత్తి మీద మసి తుడిస్తే సైజు కనబడుతుంది. 0.25, 0.50 అని ఉంటే బోరు కొట్టించారన్నమాట, అంటే అరిగిన సిలిండర్‌ను లోపల అంత పెద్దది చేశారు. ఎంత పెద్ద సైజైతే స్లీవు, అంటే సిలిండర్ లోపలి గోడ, అంత పల్చన.

కాగితాల దగ్గర ఏమరకు. ఇంజిన్ నంబర్ కింది కేసు మీద ఉంటుంది, బ్లాకు మార్చినా మారదు. ఆర్సీలో 98 సీసీయే ఉంటుంది. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టంలో 5 వేల జరిమానా ఉంది, ఆరు నెలల జైలు కూడా పడొచ్చు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర కొర్రీ పెడతారు. ఏపీ 36 నంబర్ బండి కదా, పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించారో లేదో చూడు.

నన్నడిగితే, 100 బ్లాకుతోనే సీళ్లు కొత్తవి వేయించిన బండి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోమంటా. నీ కాలేజీకి, హన్మకొండ ట్రాఫిక్‌కు 98 సీసీ చాలు. ఈ వయసులో వినవని నాకూ తెలుసు.

ఆదివారం పొద్దున కాజీపేట నుంచి వస్తాను, కొలతలు తీసే వెర్నియర్ తెస్తా. అప్పటిదాకా బయానా ఇవ్వకు. మనం వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని ఆయనకు గట్టిగా చెప్పు.

మీ మామ